ఇలోనా అడిగిన ప్రశ్నతో మిష్రిఫ్‌కు

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. ఇప్పుడు బుడాపెస్ట్‌లో సోషియాలజీ పరిశోధన చేస్తున్నాను. హంగేరీ పల్లెల నుంచి చాలామంది ఆడవాళ్ళు పక్కనున్న ఆస్ట్రియాకు వెళ్ళి, ముసలివాళ్ళ ఇళ్ళలోనే ఉండి వాళ్ళను చూసుకుంటారు. కొన్ని వారాలకోసారి ఇంటికొస్తారు. అలా బతకడంలో ఏది ఎక్కువ కష్టమని వాళ్ళను అడగడమే నా పని. ఇలోనా అనే ఆమె జవాబు చెప్పి, మా అమ్మా ఇలాగే పరాయిదేశంలో ఉందని తెలిసి, "మరి మీ అమ్మ ఏమంటుంది?" అని తిరిగి నన్నడిగింది. మా అమ్మ పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. ఆమెను నేనెప్పుడూ అడగలేదు. ఫోనులో అడిగితే "నాకేం, బాగుండా" అంటుంది. అందుకే టికెట్ కొన్నాను.

విజిట్ వీసా కువైట్‌లోనే ఫర్వానియాలో ఉండే చిన్నాన్న తీశాడు. గురువారం సాయంత్రం దిగి, నాలుగు దినార్ల టాక్సీలో ఆయన ఫ్లాటుకు చేరాను. శుక్రవారం అమ్మకు సెలవు. ఆ దగ్గర్లోనే అబ్బాసియాలో కలిసి భోంచేయాలనుకున్నాం. శనివారం పొద్దున్నే నా తిరుగు విమానం.

శుక్రవారం ఉదయం అమ్మ ఫోన్. "పాపా, మామాకు చుట్టాలొస్తాండారంట. ఈ పొద్దు నాకు బయటికి లేదు." మామా అంటే ఆ ఇంటి యజమానురాలు.

"నేనే వస్తా మా. అడిగి చూడు."

కాసేపటికి మళ్ళీ మోగింది. "రమ్మనింది. యల్లా, బిన్నా రా!"

అమ్మ పనిచేసే ఇల్లున్న మిష్రిఫ్‌కు టాక్సీలో ఇరవై నిమిషాలు, మూడు దినార్లు. డ్రైవర్ రాయచోటి ఆయన. నా చదువు సంగతి విని పగలబడి నవ్వాడు. "మనోళ్ళను అడిగే నాథుడు లేడు, నువ్వు పోయి దొరసానుల కష్టాలు అడుగుతాండావా చెల్లెమ్మా!"

వెనక తలుపు దగ్గరే అమ్మ పట్టుకుంది. "ఎండిపోయినావే. ఆడ కూడు పెట్టరా?" మామా వచ్చి, నా బుగ్గ తట్టి, చేతిలో ఖర్జూరాలు పెట్టి వెళ్ళింది. నేను వంటింట్లో ఉల్లిగడ్డలు ఒలుస్తూ కూర్చున్నాను. ఇలోనా పంపిన ఎర్రటి మిరపపొడిని అమ్మ నాలుక మీద వేసుకుంది. "రంగు చూసి భయపడినా. కారం యాడుంది దీంట్లో? పసిబిడ్డకు పెట్టొచ్చు."

అప్పుడు అడిగాను. అనుకున్నట్టే, "నాకేం, బాగుండా" అంది. మిరపపొడి పక్కన పెట్టి, "ఆ ఇలోనా ఏం చెప్పింది?" అంది.

"పోయేది కాదంట మా, తిరిగొచ్చేదే కష్టమంట. సొంత వంటింట్లో చుట్టం మాదిరి ఉంటాదంట."

అమ్మ కూర కలుపుతూ అంది, "నిజమే చెప్పింది. పోయినసారి లీవుకొచ్చినప్పుడు, నా ఇంట్లో ఉప్పు డబ్బా యాడుందని నిన్నడిగినా. లేసి తెచ్చిస్తివి. ఆ పొద్దు కూర రుచే తెలీలేదు నాకు." అంటూనే, తలెత్తకుండా పక్క అరలోకి చెయ్యి పోనిచ్చి, మామా ఇంటి ఉప్పు డబ్బాను అందుకుంది.

వచ్చేటప్పుడు ఇలోనాకు మన కారం పొట్లం కట్టిచ్చింది, చిటికెడే వేసుకోమని చెప్పమంటూ. ఒకరినొకరు చూడని ఆ ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఇలోనా మాట వినకపోతే అమ్మ నోరు విప్పేదే కాదేమో.

ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళను చూడ్డానికి వచ్చేవాళ్ళు ఒక్క శుక్రవారాన్ని నమ్ముకోకండి. రెండు శుక్రవారాలు కలిసొచ్చేలా టికెట్ తీసుకోండి. అమ్మకు వచ్చే వేసవిలో లీవు. శనివారం నేను విమానం ఎక్కే ముందు, ఊళ్ళో మా ఇల్లు చూసుకునే అవ్వకు ఫోన్ చేసి, ఉప్పు డబ్బాను పాతచోట, పొయ్యికి ఎడమ పక్క గూట్లో, పెట్టమన్నాను.