ఊరి గేటు దాటని రూప్లా సార్

సూర్యాపేట పాత బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టు పైన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పన్నెండు మిషన్లు, నాలుగు కిటికీలు, ఒక రూప్లా సార్. మెట్లెక్కుతుంటే ముందు మందుల వాసన ముక్కుకి తగిలేది, తర్వాత మిషన్ల చప్పుడు చెవులకి. ఆ చప్పుడులో ఒక్క మిషన్ తడబడినా సార్ తల తిప్పకుండానే, "ఆరో మిషన్, వేలు జారింది. కాగితం తియ్యి, మళ్ల మొదటిసంది కొట్టు" అనేవాడు. ఆరో మిషన్ దాదాపు రోజూ నాదే.

ధరావత్ రూప్లాది చివ్వెంల పక్కన తండా. టైపు పరీక్షలు ఇంగ్లీషు హయ్యర్, తెలుగు హయ్యర్ రెండూ ఫస్టు క్లాసులో పాసయ్యాడు. రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకొచ్చి మెట్ల కింద మార్చుకునేవాడు. 1983లో మిర్యాలగూడలో ఏదో ఆఫీసువాళ్లు టైపిస్టు పరీక్షకి పిలిచారట. మూడో లైనులో ఒక్క అక్షరం తప్పు పడింది. లేచి ఇంకో కాగితం అడిగాడు. "మళ్లొచ్చేసారి రా. మీవాళ్ల పోస్టు యాడికీ పోదు" అన్నాడట అక్కడి ఆఫీసరు. ఆ మళ్లొచ్చేసారి పదకొండేళ్లయినా రాలేదు. అప్పటి నుంచి సార్ చేతిలో అక్షరం తప్పు పడటం ఎవరూ చూడలేదు. ముందు ఆలోచించి, తర్వాత ఇంకోసారి ఆలోచించి, అప్పుడు కొట్టేవాడు. అయినా నిమిషానికి అరవై మాటలు!

1994 వానాకాలంలో ఇన్‌స్టిట్యూట్ ఓనరు సత్యనారాయణ గారు రెండు కంప్యూటర్లు దింపించాడు. ఆయన కోదాడ మనిషి. భూములున్నాయి, పెట్రోలు బంకుంది, రాజకీయాల్లో ఒక కాలుంది. వెనక గదికి పరదా కట్టించి, కూలరు పెట్టించి, చెప్పులు బయట విప్పించి, సార్‌నీ నన్నూ ఎదురుగా నిలబెట్టాడు.

"టైపుకి రోజులైపోయినయ్యయ్యా. దసరా తర్వాత ఈ మిషన్లు తీసేస్తాను. కంప్యూటర్ సెంటరు పెడతాను. నేర్పేవాడు ఒక్కడే ఉంటాడు. రూప్లా, నువ్వా, ఈ జగదీశా? ఇరవై రోజుల తర్వాత వచ్చి చూస్తాను."

ఆ జగదీశ్‌ని నేనే. డిగ్రీ తప్పి, ఇంట్లో తిట్లు తప్పించుకోవడానికి టైపు నేర్చుకుంటున్నవాణ్ణి. ఆ పోటీలో నా పేరెందుకొచ్చిందంటే, కంప్యూటర్లు లారీలోంచి దించుతున్నప్పుడు నేనక్కడ నిలబడి ఉన్నాను. అంతకుమించిన అర్హత లేదు. నాకది కాలక్షేపం. సార్‌కి మాత్రం ఆ పని పోతే ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ వరి కోతలకి కూలికి పోవడమే. ఇంట్లో భార్య గౌరీబాయి, బడికి పోయే ఇద్దరాడపిల్లలు.

కంప్యూటర్లు బిగించడానికి హైదరాబాదు నుంచి వచ్చినతను లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొకటి ఇచ్చి, ఒక కంప్యూటర్లో ఆట కూడా ఎక్కించి వెళ్లాడు. "ముందు ఇది ఆడుండ్రి. చేతుల భయం పోతది" అన్నాడు. ఆ ఆటలో ఒక ఊరు, ఊరికి గేటు, గేటు బయట అడవి, అడవిలో గుహలు, చివరి గుహలో నిప్పులు కక్కే పాము. మనం ఒక వీరుణ్ణి తయారుచేసి పంపాలి.

ఆట ముందు పేరడిగింది. సార్ పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా కొట్టాడు. ఎనిమిది అక్షరాల దగ్గర ఆగిపోయింది.

"జగదీశ్, పేరు సగమే పడ్డది. రేపు ఏమన్న అంటరా?"

"ఎవలంటరు సార్, పామంటదా?"

తర్వాత నువ్వెవరని అడిగింది. యోధుడు, మంత్రగాడు, వైద్యుడు, దొంగ. ఏదో ఒకటి ఎంచుకోవాలి. సార్ వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి.

"పేరు చెప్పంగనే దొంగవా అనుడేంది?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మా నాయన బాల్యా మునగాల సంతకు పోయి ఎడ్లను తోలుకొని వస్తుంటే పోలీసోళ్లు రోడ్డు మీద నిలబెట్టి గిదే అడిగిండ్రు. పొద్దుగూకేదాక ఎండల కూసోబెట్టిండ్రు." చివరికి వైద్యుణ్ణి ఎంచుకున్నాడు. నేను దొంగనే ఎంచుకున్నాను, వేగంగా పరుగెత్తుతాడని. నన్నెవరూ ఏమీ అడగలేదు.

రోజుకి గంటసేపు ఆయన, గంటసేపు నేను. నేను మొదటి రోజే గేటు దూకి తోడేలు నోట్లో పడ్డాను.

"చచ్చిన సార్!" అని అరిచాను సంతోషంగా.

"అయ్యో, మరెట్ల?"

"ఏముంది, మళ్ల లేస్త."

"ఎన్నిసార్లు లేస్తవ్?"

"ఎన్నిసార్లన్న లేస్త. ఎవడడుగుతడు?"

ఆయన నావైపు చూసిన చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

సార్ ఆడించే వైద్యుడు ఊళ్లో ప్రతి గడపా తొక్కాడు. ప్రతి మనిషితో మాట్లాడాడు. వాళ్లు చెప్పిన ప్రతి ముక్కా సార్ డిక్షనరీ చూసుకొని లాంగు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఊరికి పటం గీశాడు. లాంతరు కొన్నాడు, తాడు కొన్నాడు, ఇరవై రెండు రొట్టెలు కొన్నాడు. గేటు దగ్గర ఒక ముసలాయన "ఒంటరిగా వెళ్లకు" అనేవాడు. అది ఆటలో అందరికీ చెప్పే మాటే. సార్ మాత్రం వెనక్కి తిరిగేవాడు.

"సార్, వాడు అందరితో అట్లనే అంటడు, పోండ్రి!"

"పెద్దమనిషి వద్దంటుంటే పోతరా?"

కరెంటు పోతే ఆడిందంతా పోయేది. అందుకని సార్ అన్నిటికంటే ముందు ఆటని దాచుకోవడం నేర్చుకున్నాడు. దాచింది ఎక్కడుంటుందో తెలుసుకోవాలని ఆ లావు పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. ఫ్లాపీ సిద్ధం చేయడం, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ తీయడం, ఫైళ్లు వరసలో పెట్టుకోవడం, పొరపాటున తుడిచింది వెనక్కి తేవడం... అన్నీ నోటుబుక్కులో ఎక్కాయి. నాకు నాలుగు బాణం గుర్తులూ, కత్తి తిప్పే మీటా వచ్చు.

ఇరవయ్యో రోజు సత్యనారాయణ గారు వచ్చాడు. వెంట మిర్యాలగూడ రైసుమిల్లు ఓనరొకాయన. అక్కడ కూడా ఒక బ్రాంచి పెట్టాలని ఇద్దరికీ మాటలు నడుస్తున్నాయి. సార్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఒక ఉత్తరం, ఒక పట్టిక ముందే కొట్టి ఉంచాడు.

"ఉత్తరాలు మా గుమస్తా గూడ కొడ్తడు. బొమ్మలు కదుల్తయంట గద, అవి సూపియ్యిండ్రి" అన్నాడు మిల్లాయన.

ముందు నేను కూర్చున్నాను. నా దొంగ నాలుగో గుహలో ఉన్నాడు. కత్తి తిప్పాడు, గోడ దూకాడు, మంటల్లో పడ్డాడు. వాళ్ల కళ్లముందే మూడుసార్లు చచ్చాడు. మూడుసార్లూ మిల్లాయన తొడ చరిచి, "లేసిండు సూడు, మళ్ల లేసిండు!" అని నవ్వాడు.

తర్వాత సార్. ఆయన వైద్యుడు బావి పక్కన నిలబడి ఉన్నాడు, ఒంటి మీద గీత లేకుండా, ఇరవై రెండు రొట్టెలతో.

"ఇరవై రోజులైందయ్యా. ఇంకా ఊళ్లోనే ఉన్నావా?" అన్నాడు సత్యనారాయణ గారు.

"సార్, ఫ్లాపీ కాపీ తీసుడు, ఫైళ్లు..."

"అవన్నీ ఉండనీ. ఏదీ, ఆ గేటు దాటు చూద్దాం."

సార్ దాటాడు. మొదటిసారి. తోడేలు వచ్చింది. ఏ మీట కొట్టాలో ఆయనకి నాకంటే బాగా తెలుసు. కానీ వెనక నుంచి ముగ్గురం చూస్తున్నాం. కళ్లు మూసుకొని అరవై మాటలు కొట్టే వేళ్లు గాల్లోనే ఉండిపోయాయి. వైద్యుడు పడిపోయాడు.

"దాసిపెట్టిన సార్! బావికాడ దాసిపెట్టిన, ఒక్క నిమిషం, మళ్ల తెరుస్త..." అంటూ ఆయన గబగబా మీటలు కొడుతున్నాడు. సత్యనారాయణ గారు అప్పటికే లేచాడు. "చాలు రూప్లా, చాల్లే." మిల్లాయన నా భుజం తట్టి, "పిలగానికి ధైర్యముంది" అన్నాడు.

సార్‌కే అన్నీ వచ్చని నేనొక్క ముక్క చెప్పి ఉండాల్సింది. ఉద్యోగం దొరికినవాడికి అలాంటి ముక్కలు గొంతులోంచి రావు.

దసరా అయ్యాక మిషన్లు పోయాయి. సెంటరుకి బోర్డు కట్టారు. మొదటి బ్యాచిలో పద్దెనిమిది మంది చేరారు. మొదటి బెంచీలో ఇస్త్రీ చొక్కాతో రూప్లా సార్ కూర్చుని ఉన్నాడు.

"సార్, మీరేంది ఈడ?"

"సర్టిఫికెట్ ఉంటే మిర్యాలగూడ బ్రాంచిల సూస్తమన్నరు." నోటుబుక్కు తెరిచి, అందరికీ వినబడేలా, "పాఠం మొదలువెట్టుండ్రి సార్" అన్నాడు. ఆ రెండో సార్‌ని నేనే.

రెండో వారం ఒకమ్మాయి లేచి, ఫ్లాపీకి నకలు ఎలా తీయాలని అడిగింది. నేను సుద్దముక్క కోసం జేబులు తడుముకున్నాను. నాకు పామెక్కడుంటుందో తెలుసు, నకలు తెలియదు. ఇంతలో రూప్లా సార్ లేచి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సార్, నిన్న మీరు చెప్పిండ్రు గద, డిస్క్‌కాపీ అని కొట్టి, ఏ అని, మళ్ల బీ అని. గంతేనా సార్?"

నిన్న నేనలాంటిదేమీ చెప్పలేదు. "అంతే, కూసోండ్రి" అన్నాను. మూడు నెలలూ అలాగే నడిచింది. ఎక్కడ ఆగితే అక్కడ ఆయన చేతులు కట్టుకొని లేచి, నేను చెప్పని పాఠాన్ని నాకే అప్పగించేవాడు. ఊళ్లో నేను బాగా చెప్తానని పేరొచ్చింది. ఆయన సర్టిఫికెట్ మీద 'ఏ' గ్రేడు వేసి, కింద సంతకం పెట్టింది కూడా నేనే. అప్పటికి అలవాటైపోయింది.

అది పట్టుకొని ఆయన మిర్యాలగూడ వెళ్లాడు. అక్కడ కుర్చీలో మిల్లాయన మేనల్లుడు కూర్చుని ఉన్నాడట. "మళ్లొచ్చేసారి సూద్దం" అన్నారట.

ఆ తర్వాత రూప్లా సార్ కోదాడలో ఆఫీసుల ముందు, అర్జీలు రాసేవాళ్ల వరసలో, ఒక పాత మిషన్ పెట్టుకొని కూర్చున్నాడు. ఆ ఎండాకాలం మేనల్లుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, స్టూడెంట్లు ఏమేమో అడుగుతుండ్రు, నాకేం వస్తలేదు. జర నేర్పవా?"

నాకు వస్తే కదా. కోదాడలో ఫలానా చోట ఫలానా మనిషి ఉంటాడని చెప్పి పంపాను. నెల తర్వాత నేనూ వెళ్లి, ఆయన ముందున్న స్టూలు మీద కూర్చున్నాను. ఎవరిదో పట్టా అర్జీ కొడుతున్నాడు.

"ఆ పిలగాడు వచ్చిండా సార్?"

"వారం రోజులు వచ్చిండు. మంచిగ నేర్సుకున్నడు."

"మీరెందుకు నేర్పిండ్రు సార్? ఆ కుర్చీ మీది గద."

ఆయన కాగితం చివరిదాకా కొట్టి, బయటికి లాగి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకున్నాడు.

"నువ్వెందుకు పంపినవ్?" అన్నాడు.

అర్జీదారు కాగితం తీసుకున్నాడు. సార్ కొత్త కాగితం ఎక్కించి, "లేసి జర పక్కకు జరుగు జగదీశ్, వెనక మనిషి నిలబడ్డడు" అన్నాడు. లేచాను.