మట్టి కింద మావాడి గొంతు

మా టెర్రియర్ కుక్కకి మూడేళ్ళలో నేను నేర్పింది ఒక్కటే మాట, వద్దు. ఫ్రిస్కోలో ఇంటి నుంచే పనిచేస్తూ రోజంతా మీటింగుల్లో ఉండే నాకు, వాడు నోరు తెరిస్తే ఒళ్ళు మండేది. మొరిగితే వద్దు. లాన్‌లో తవ్వితే వద్దు. ఉడత వెంటపడితే వద్దు. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, వాడికి ఇంకాస్త ఎక్కువ తెలుసు. చివరికి మొరగడం మానేశాడు. తవ్వడం మాత్రం మానలేదు. నేను చూడనప్పుడు ఫెన్స్ కింద గుంట తీసి, నన్ను చూడగానే తోక ముడుచుకుని దూరంగా వెళ్ళి కూర్చునేవాడు.

ఫెన్స్ కింద గుంటల గురించి కాలనీ అసోసియేషన్ నుంచి రెండో నోటీసు వచ్చిన రోజు, వాణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దామని మా ఆయన తేల్చి చెప్పేశారు. ఊరి బయట పెద్ద స్థలం ఉన్న ఒకావిడ ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది కూడా. కానీ రోజూ నా నోట్లో నానే ఆ వద్దన్న మాట, అప్పుడు మాత్రం పైకి రాలేదు.

వెళ్ళిపోయేలోగా వాడికి ఇష్టమైన పని ఒక్కసారైనా చేయనిద్దామనిపించింది. ఇలాంటి కుక్కలకి నేల కింద ఎలుకల్ని వెతకడం నేర్పే చోటు ఒకటుందని పశువుల డాక్టరు దగ్గర ఎప్పుడో విన్నాను. శనివారం పొద్దున్నే గంటసేపు డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను.

అదొక పొలం. నేలలో చెక్కలతో సన్నటి సొరంగం కట్టి, పైన మట్టి కప్పారు. లోపల చిమ్మచీకటి, మధ్యలో ఒక మలుపు. ఆ చివర పంజరంలో రెండు ఎలుకలు. వాటికీ కుక్కకీ మధ్య గట్టి కమ్మీలున్నాయి. అవి అక్కడ కుక్కలకి నేర్పే ట్రైనర్ ముద్దుగా పెంచుకునేవేనట, పైన ఇంత హడావుడి జరుగుతున్నా గింజలు కొరుక్కుంటూ కూర్చుంటాయట.

ట్రైనర్ అరవై దాటిన ఆవిడ, బూట్ల నిండా బురద. లోపల దేనికైనా తగులుకుంటే ప్రమాదమని వాడి మెడలో పట్టీ తీసేయమంది. దిష్టికి కట్టిన నల్లతాడు కూడా విప్పమంది. విప్పి గుప్పిట్లో పెట్టుకున్నాను.

మాకంటే ముందొచ్చిన కుక్కలు వదలగానే సొరంగంలోకి దూకేశాయి. మావాడు దాని ముందు కూర్చుండిపోయాడు. ముక్కు వణుకుతోంది, ఒక కాలు గాల్లోకి లేచింది. అయినా వెనక్కి తిరిగి నా ముఖంలోకే చూస్తున్నాడు.

ట్రైనర్ మెల్లగా అంది, “వాడికి వెళ్ళాలనే ఉంది. నువ్వు తిడతావేమోనని చూస్తున్నాడు.”

ఆవిడ అన్నది నిజమే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“పోరా నాన్నా,” అన్నాను. వాడు నమ్మలేదు. వీపు నిమిరి మళ్ళీ అన్నాను, “పో, తిట్టనులే.”

అంతే, తోక చివర మాత్రం ఒక్క క్షణం కనిపించింది.

కుక్క లోపలికి వెళ్ళాక పైనున్నవాళ్ళు మాట్లాడకూడదు. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదటిసారి అనుకుంటా. ఏ శబ్దమూ లేదు. మలుపు దగ్గర భయపడ్డాడేమో అనుకున్నాను.

అప్పుడు నా కాళ్ళ కింద నేల మొరిగింది. మోకాళ్ళకి ఆ అదురు తెలిసింది. మూడేళ్ళు నాతో ఉన్న కుక్కకి అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు. పెరుగన్నం తిని సోఫాలో నిద్రపోయే ఈ వెధవకి ఆ చీకట్లో దారి ఎవరు చెప్పారు? నేను పుట్టకముందు నుంచీ, మా ముత్తాతలు పుట్టకముందు నుంచీ వాడి జాతి మోసుకొచ్చిన విద్య అది. నేను దాన్ని అల్లరి అనుకున్నాను. తెలియకుండానే రెండు చేతులూ జోడించాను, కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

చివర ఉన్న మూత ఎత్తి ట్రైనర్ వాణ్ణి బయటికి తీసింది. రానని గింజుకున్నాడు. ముఖమంతా మట్టి, కళ్ళు మాత్రం మెరిసిపోతున్నాయి.

ఇంటికెళ్ళి, ఆ మట్టితోనే వాణ్ణి ఎత్తుకుని మా ఆయన ముందు నిలబడ్డాను. “వీణ్ణి నేనెవరికీ ఇవ్వను,” అన్నాను. మరి ఫెన్స్ సంగతేమిటని అడిగారు. పొలంలో చూసిందంతా చెప్పాను, అంతే.

ఆయన వాడి ముఖం చూశారు. తర్వాత పెరట్లోకి వెళ్ళారు. నన్ను కూడా చెయ్యి వేయనివ్వకుండా పెంచుకుంటున్న గోంగూర మడిలో మొక్కలన్నీ పీకి పక్కన పెట్టి, మట్టి గుల్లచేశారు. నేను ఆదివారం వస్తానన్న ఆవిడకి ఫోన్ చేసి, రావద్దని చెప్పి, క్షమించమన్నాను.

వాణ్ణి మడి దగ్గర వదిలాను. నా వైపు చూస్తే పొమ్మని చెప్పాలని దగ్గరే నిలబడ్డాను. వాడు నా వైపు చూడలేదు. ముందుకాళ్ళతో మట్టి ఎగజిమ్ముతూ, పెద్దగా మొరుగుతూ తవ్వుకుపోయాడు.