దర్వాజలు లేని ఇళ్లకు పిలుపు

నోటీసు రాయడంలో నన్ను మించినవాళ్లు మండలంలో లేరని అప్పట్లో నాకో పొగరు. తెలంగాణ వచ్చాక పంచాయతీ కార్యదర్శిగా ఉద్యోగంలో చేరి, ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడిన మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో పని చేస్తున్నాను. రిజర్వాయర్ కింద మునిగిపోయే ఊరది. సగానికి పైగా ఇళ్లు అప్పటికే ఖాళీ. వెళ్లిపోయినవాళ్లు దర్వాజలు, కిటికీలు కూడా ఊడదీసుకుని పోయారు. పట్టపగలు ఆ వీధిలో నడవాలన్నా నాకు భయం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మేడమ్‌కు భయమేమిటని నవ్వుతారని.

నీళ్లు వదిలేలోపు ఊరివాళ్ల సమాధులను వాళ్లకు సర్కారు ఇళ్లిచ్చిన కొత్త కాలనీ దగ్గరికి మార్చాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. "ఇందుమూలముగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి, పేజీ నిండా రాసి పంచాయతీ గోడకు అంటించాను. సభకు నలుగురొచ్చారు. కోరం లేదు, వాయిదా వేశాను. నాకు ఒళ్లు మండింది. సమాధులు వాళ్లవి, వాళ్లకే పట్టకపోతే నాకేం?

ఆ నలుగురిలో ఒక అవ్వ ఉంది. భర్తను తన చెలక చేనులోనే పూడ్చుకుంది. ఇంకొక్క సభకే వ్యవధి ఉంది. అదీ తప్పితే ఆయన నీళ్ల అడుగునే ఉండిపోతాడు. అందరూ వెళ్లాక ఆమె నా ముందుకొచ్చి నిలబడింది.

"గోడకు చెప్పినవు బిడ్డా, గోడ ఇన్నది. మనుషులకెప్పుడు చెప్తవు?"

రూలు ప్రకారమే రాశానన్నాను.

"గా కాయితంల ఎవ్వలి పేరన్న ఉన్నదా? ఎందుకు రావాల్నో ఉన్నదా? పిలువని పేరంటానికి ఎవ్వలొస్తరు?"

మర్నాడు కూర్చుని మళ్లీ రాశాను, ఈసారి ఊరి మాటలోనే, పేరుపేరునా ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ. "మీ నాయినను కొత్త జాగకు తీస్కపోయే సంగతి మాట్లాడాలె. బేస్తారం పొద్దుగాల తొమ్మిదింటికి బడి ముందట. మీరు రాకుంటే ఆయన తరఫున చెప్పేటోళ్లు లేరు." అంతే. నంబర్లు దొరికినవాళ్లకు ఫోన్లో పంపాను. మరి దొరకనివాళ్లకు? ఇంటికి తాళముంటే తలుపుకు బొట్టు పెట్టి పిలిచిరావడం మా దిక్కు ఆచారం. తలుపులే లేని ఇళ్లను కూడా అలాగే పిలవాలంది అవ్వ. మొగుడు లేనిదాన్ని, నేను బొట్టు పెట్టొద్దు అంటూ కుంకుమ గిన్నె నా చేతికిచ్చింది.

మిట్టమధ్యాహ్నం ఇద్దరం బయలుదేరాం. దర్వాజ ఊడిన చోట గోడరాయికి నేను కుంకుమ తడిపి బొట్టు పెట్టేదాన్ని, అవ్వ లోపలికి చూస్తూ పిలిచేది. చర్చికి పోయే కుటుంబాల ఇళ్ల దగ్గర బొట్టు లేదు, పిలుపొక్కటే.

"ఇంట్లున్నరా? బేస్తారం సభ. అందరు రావాలె."

పిచ్చి పని అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. చివరి ఇంట్లోంచి మాత్రం జవాబు వచ్చింది.

"ఆఁ... వస్తున్నం."

ముసలి గొంతు. లోపలికి అడుగు వేయబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"పిలిచినం, వస్తమన్నరు. ఇగ తొంగి చూసుడెందుకు?"

తర్వాత కనపడినవాళ్లందరినీ అడిగాను. ఆ ఇల్లు ఖాళీ అయి రెండేళ్లయిందన్నారు.

గురువారం బడి ముందు జాగా చాలలేదు. మిగిలిన పెంకుల కోసం, రాళ్ల కోసం వచ్చిపోయేవాళ్లు గోడలకు కొత్త బొట్టు చూసి, పిలుపెందుకో కనుక్కుని ఒకరికొకరు చెప్పుకున్నారట. తీర్మానం అయింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను, ఆఫీసు మర్యాద కూడా మరిచిపోయి.

సమాధి తవ్వే ముందురోజు అవ్వ ఆఫీసుకొచ్చింది.

"ఆయనకు గూడ ఒక చీటీ రాయి బిడ్డా. పిలువకుంట ఎట్లొస్తడు? ఆయనకు సదువు రాదు, నువ్వే సదివి ఇనిపియ్యి."

నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆ రాత చాలా కష్టమైంది. మర్నాడు చెలకలో సమాధి పక్కన నిలబడి చదివాను. "నిన్ను తోలుకపోనీకె వచ్చినం. ఈడికి నీళ్లొస్తున్నయి. కొత్త జాగ కాలనీ పక్కనే, నీ ఇంటామె రోజూ వచ్చిపోతది. ఇప్పుడే బయలెల్లాలె." చదువుతుంటే మెడ వెనక ఎవరో నిలబడి వింటున్నట్టే ఉంది. తవ్వితే పెద్దగా ఏమీ దొరకలేదు. అవ్వ అక్కడి మన్ను రెండు పిడికిళ్లు తీసి గుడ్డలో మూటకట్టుకుంది.

ఆటో రోడ్డు మీద ఉంది. చెలకకు అడ్డంపడి నేను ముందు, అవ్వ వెనక నడుస్తున్నాం. ఎప్పుడు అక్కడినుంచి బయటపడతానా అని గబగబా అడుగులేస్తున్నాను. వెనకనుంచి అవ్వ కేకేసింది.

"జర మెల్లగ నడువు బిడ్డా. ఈడి నీళ్లు తాగి ఆయన మోకాళ్లు వంకరవోయినయి. మన తీరు నడువలేడు."

అడుగు నెమ్మది చేశాను. వెనక్కి మాత్రం చూడలేదు.