పసుపు ధరకు ఎవరి దిష్టి తగిలింది?

పండించిన పంటకు ధర పడిపోతే మీరు కారణం వెతుకుతారా, లేక తప్పు మోపడానికి ఒక మనిషిని వెతుకుతారా? తొందరపడి జవాబు చెప్పకండి. మా ఊరు రెండో పనే చేసింది. ఊరికి అడ్డంగా నిలబడింది ఒకే ఒక్క మనిషి: మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి.

నా చిన్నప్పుడు కోరుట్ల పక్కన మా ఊళ్ళో ఒక ఏడు పసుపుకు మంచి ధర పలికింది. ఆ ఏడు పసుపు పెట్టిన ఇద్దరు ముగ్గురు రైతులు ఇంటికి కొత్త పెంకులు వేయించుకున్నారు. అది చూసి మరుసటి ఏడు ఊరంతా పసుపే పెట్టింది. మక్కచేలు, నువ్వుల చెలకలు అన్నీ పసుపు మళ్ళయ్యాయి. మా నాన్న పెరట్లో కూరగాయల మడిని కూడా వదల్లేదు. కంచె మీది చిక్కుడు తీగ ఒక్కటే మిగిలింది.

పంట విరగపండింది. కొమ్ములు ఉడకబెట్టి కళ్ళంలో ఎండబోశాం. వాడ చివర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ అటుగా పోతూ ఆగి, "అబ్బ, ఎంత కుప్పనో! బంగారం పోసినట్టే ఉన్నది" అంది. మెచ్చుకుంది, అంతే.

తర్వాత నాన్న బండి కట్టుకుని మార్కెట్‌కు పోయాడు. వెనకటి ఏటి ధరలో సగం కూడా రాలేదు. ఆయన తర్వాత పోయినవాళ్ళకూ అదే గతి. ముసలమ్మ కన్ను పడిందన్నారు మొదట. పూట గడిచేసరికి కన్ను మంత్రమైంది, మంత్రం చేతబడి అయింది. మంత్రాలకు చింతకాయలు రాలవని మన దగ్గర చిన్నపిల్లలు కూడా అంటారు. ధరలు మాత్రం రాలతాయని పెద్దలు నమ్మారు. ఆమెను బావి దగ్గరికి రానివ్వలేదు. మర్నాడు పొద్దున్నే చావడి ముందు నిలబెట్టి, ఊళ్ళోంచి వెళ్ళగొట్టాలని మాట్లాడుకున్నారు. ఆ మాటకు ముందున్నవాడు మా నాన్నే.

ఆ పొద్దున బాపమ్మ బుట్టనిండా చిక్కుడుకాయలు కోసి నా నెత్తిన పెట్టింది. "పో బిడ్డా, వాడంత తిరుగు. గీ కాయలిచ్చి పిడికెడు మిరపకాయలు పట్కరా" అంది.

నేను గడప గడపా ఎక్కాను. పక్కింటి అక్క నవ్వి, "ఏ పొల్లా, మా కంచె మీద ఏం కాస్తున్నయో నీకు కనవడ్తలేదా?" అంది. ఎదురింటామె, "మా బర్రె సుత గవాటిని చూస్తే మొకం తిప్పుకుంటున్నది, తీస్కపో!" అని తరిమింది. దసరా ముందు తొలి కాపు కోసినప్పుడు ఇదే ఆడవాళ్ళు గుప్పెడు చిక్కుళ్ళకు దోసెడు మిరపకాయలిచ్చి, ఇంకా ఉన్నాయా అని అడిగారు.

నిండు బుట్ట నిండుగానే తిరిగొచ్చింది. బాపమ్మ దాన్ని చంకనెత్తుకుని నేరుగా చావడికి నడిచింది. నేను వెనకాలే ఉరికాను. ముసలమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని నేల మీద కూర్చుని ఉంది. బాపమ్మ బుట్టను మా నాన్న కాళ్ళ ముందు బోర్లించింది.

"కొడుకా, దసరకు గీ కాయలకు మస్తు గిరాకి ఉండె. ఇయ్యాల వాడల ఒక్కలు ముట్టలే. చెప్పు, గీటికెవలు మంత్రం పెట్టిండ్రు?"

"గదేం మాటనే అవ్వా! అందరిండ్లల్ల కాస్తున్నయి, ఇగ ఎవలు తీసుకుంటరు?" అన్నాడు నాన్న విసుగ్గా. అన్నాక కాళ్ళ ముందు పడ్డ కాయల వైపు చూశాడు.

బాపమ్మ జనం వైపు తిరిగింది. "పోయినేడు పసుపు పెట్టినోళ్ళు చెయ్యెత్తుండ్రి" అంది. ఇద్దరో ముగ్గురో ఎత్తారు. "మరి ఈ ఏడు?" అంది. వెతికినా ఎత్తని చెయ్యి కనిపించలేదు.

ఒక పెద్దమనిషి మాత్రం తగ్గలేదు. "పంట పెరిగితే కొనేటోళ్ళు సుత పెరుగుతరు గదనే?" అన్నాడు.

"పసుపు అగ్గువైందని నువ్వు కూరల దోసెడు పోసుకుంటవానె?"

చావడంతా గొల్లుమంది. బాపమ్మ నవ్వలేదు. ఆమె సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. ఒక అంచు చీరకు గిరాకీ ఉందని తెలిస్తే ఊళ్ళోని మగ్గాలన్నిటి మీదా అదే అంచు ఎక్కేదని, ఆ చీరలు కొనే దిక్కులేక మూలన పడేవని చెప్పింది. "గప్పుడు సుత మేం దేవులాడినం, ఎవల కన్ను పడ్డదని. మా కన్నే, తియ్యి" అంది.

ఎవరూ క్షమాపణ అడగలేదు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. నేల మీది కాయలు ఏరడానికి ముందు వంగింది ఆ ముసలమ్మ. ఆమె పక్కన వంగింది మా నాన్న.

బాపమ్మ మాటకు పసుపు ధర పెరగలేదు. ఆ ఏడు మా ఇంట్లో కొత్త బట్టలు లేవు, పెరుగూ లేదు; పాడిబర్రెను అమ్ముకున్నాం. కానీ నష్టం నష్టంగానే ఆగింది, పాపంగా మారలేదు. ఆ ముసలమ్మ బతికినన్నాళ్ళూ మా బావిలోనే నీళ్ళు చేదుకుంది.

నేను తర్వాత ఎన్నో సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకున్నాను. బాపమ్మ చేసినంత పని నా ఉపన్యాసం ఏదీ చేయలేదు. మంత్రాలు లేవని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఆ నిజం తన కొడుకు నోటి నుంచే, అతనికి తెలియకుండానే చెప్పించింది. ఎదుటివాడికి బుద్ధి ఉందని నమ్మి అడగడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. దాన్నే నేటికీ మోస్తున్నాను.

ఇప్పుడు ఏ మార్కెట్ ధరైనా ఫోన్‌లో కనిపిస్తుంది. అదే ఫోన్‌లో ఫలానా ఇంటి మీద అనుమానమనే మాట కూడా గంటలో ఊరంతా తిరుగుతుంది. కాబట్టి పంట పోయిందనో, గొడ్డు చచ్చిందనో మీ ఊళ్ళో ఒక ఒంటరి మనిషి మీద వేలు లేస్తే ఇంట్లో కూర్చోకండి. వెళ్ళండి. ఆ మనిషి పక్కన నిలబడి, అందరూ వినేలా కారణం అడగండి. ఆ లేచిన వేలు మీ నాన్నదైనా సరే, అడగండి.