గుంట మగ్గాల షెడ్డుకు నేను సలహాదారుణ్ణి

యుద్ధం ముగిసిన మరుసటేడు, బెజవాడలో బట్టల కొట్టున్న ఒక షావుకారు పామర్రులో కాలవ పక్కన నలభై మగ్గాల షెడ్డు కట్టించడం మొదలుపెట్టాడు. ఇంజనీరుకు మగ్గం సంగతి తెలియదు. అందుకని నేతగాణ్ణయిన నన్ను పిలిపించి, స్టాంపు కాగితం మీద సలహాదారుగా కుదుర్చుకున్నారు. షెడ్డు పూర్తయ్యేదాకా నేను పని దగ్గరుండాలి. చివర్న అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టాలి. మధ్యలో నన్ను వద్దనుకుంటే కారణం రాసివ్వాలి. నా చదువు అంతంతమాత్రమే. అయినా ఆ కాగితాన్ని మూడుసార్లు కూడబలుక్కుని చదివాకే ఒప్పుకున్నాను.

మావి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తాం. వేసవిలో, కాలవ కట్టేసి ఉండగా గుంటలు తవ్వించారు. నల్లమట్టి ఎండి పగుళ్లిచ్చి ఉంది. మా నాన్న చెమ్మ గుంటలో నేసి నేసి నలభయ్యేళ్లకే మోకాళ్లు పట్టేసి మంచాన పడ్డాడు. ఆ గుంటలు చూడగానే నాకు ఆయన కాళ్లే కనిపించాయి.

"కాలవ వదిలితే ఇందులో నీళ్లు ఊరతాయండీ. నేల రెండడుగులు మెరక చేయించండి," అన్నాను ఇంజనీరుతో.

ఆయన నవ్వాడు. "మగ్గం ఎక్కడ పెట్టాలో చెప్పు చాలు. మట్టి సంగతి నేను చూసుకుంటా."

"నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది మేమండీ, మీరు కాదు."

మర్నాడు షావుకారే వచ్చాడు. అంతా బాగుందని అప్పుడే సంతకం చేసెయ్యమన్నాడు. చెయ్యనన్నాను.

"అయితే రేపట్నుంచి రామాకు."

"అలాగేనండీ. ఎందుకొద్దంటున్నారో రాసివ్వండి. మెరక చెయ్యమన్నందుకని రాయండి, వెళ్లిపోతాను."

ఆయన రాయలేదు. రాస్తే ఆ ముక్క రేపు తన మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు. నేనూ మానలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి ఇటుకల మీద కూర్చునేవాణ్ణి. తాపీవాళ్లు నవ్వుకునేవారు.

"పెద్దోళ్లతో మనకెందుకండీ? ఆ షావుకారు మనకు నూలియ్యడం మానేస్తే ఏం చేస్తాం?" అంది మా ఆవిడ.

"సంతకం నాది కదే," అన్నాను. లోపల మాత్రం భయంగానే ఉంది.

కాలవ వదిలిన అయిదో రోజున గట్టు వైపు గుంటల్లో బెత్తెడు నీళ్లు నిలిచాయి. వారం తిరిగేసరికి మోకాలి లోతయ్యాయి. షావుకారు వచ్చి, గుంటల వంక చూసి, నా వంక చూశాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావయ్యా?"

"అప్పుడు చెప్పిందేనండీ."

గుంటలు పూడ్చి, నేల మెరక చేసి, మళ్లీ తవ్వారు. కాలవ నిండుగా పారుతుండగా నేను నలభై గుంటల్లోనూ దిగి, అడుగున అరచెయ్యి ఆనించి చూశాను. తడి తగల్లేదు. అప్పుడు నేను సంతకం పెట్టాల్సిన కాగితం తెమ్మన్నాను. అందులో "ఇంజనీరుగారి సూచన మేరకు నేల మెరక చేయడమైనది" అని రాసి ఉంది. ఆ ముక్క కొట్టేసి, "నేతగాడు చెప్పినందున" అని నా వంకర అక్షరాలతో రాసి, దాని కింద సంతకం పెట్టాను. ఇంజనీరు మొహం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత షావుకారు నన్ను ఏ పనికీ పిలవలేదు. పిలవకపోతే పోయె. ఆ షెడ్డులో మావాళ్లు పొడి కాళ్లతో నేశారు.