దేశం పేరులో రెండో సగం

మొన్న నేపర్‌విల్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే, వెనక ఒక అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతోంది. మాటలు అర్థం కాలేదు కానీ యాస తెలిసినదే. ఉండబట్టలేక, "మీది హెర్జెగొవీనానా?" అని అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి, "బోస్నియా అంకుల్. అమ్మావాళ్లది ఆ కిందివైపు ఎక్కడో. నేనిక్కడే పుట్టాను" అంది. రైలెక్కాక చికాగో చేరేదాకా మా పక్కింటాయనే గుర్తొస్తూ ఉన్నాడు.

ఆయన ట్రక్కు డ్రైవరు. తొంభైలలో యుద్ధం నుంచి భార్యతో సహా బయటపడి వచ్చాడు. నేను ఆస్పత్రి నుంచి రిటైరైన కొత్తలో, పెరటి కంచె దగ్గర మొదటిసారి పలకరిస్తూ, "బోస్నియన్లట కదా మీరు" అన్నాను. మొక్కలకు నీళ్లు పెడుతున్నవాడు కుళాయి కట్టేసి మరీ జవాబిచ్చాడు. "హెర్జెగొవీనియన్. మా దేశం పేరు బోస్నియా అండ్ హెర్జెగొవీనా. పొడుగ్గా ఉందని జనం సగం పలికి అలిసిపోతారు. మేం ఆ రెండో సగంలో ఉంటాం." నాకు భలే నచ్చింది. మాది అనంతపురం. ఇక్కడి మనవాళ్ల పార్టీల్లో ఎవరైనా నన్ను ఆంధ్రా అంటే సీమ అని, సీమ అంటే బాంబులా అని అడిగితే కాదని, సరిదిద్దీ సరిదిద్దీ విసిగినవాణ్ణి. వాళ్ల ఊళ్లోనూ రాళ్లూ, ఎండా, దానిమ్మచెట్లేనట. ఇక మా ఇద్దరికీ పొద్దు గడవడానికి కొదవేముంది? "సీమ అయిపోతే హెర్జెగొవీనా, అది అయిపోతే మళ్లీ సీమ. కాఫీలు మాత్రం మేం పెట్టాల" అని మా ఆవిడ విసుక్కునేది. వాళ్లావిడ పెట్టే కాఫీ చిన్న రాగిగిన్నెలో, అడుగున మడ్డితో, మందులా చిక్కగా ఉండేది.

ఆ ఇంట్లో ఆ పేరుకు ఇంకో పని ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయనది చర్చి, ఆవిడది మసీదు. మీరెవరని వాళ్ల దేశంవాళ్లు అడిగితే మతం చెప్పాలి, చెబితే మొగుడూ పెళ్లాలు చెరోవైపు అయిపోతారు. హెర్జెగొవీనియన్లం అంటే ఇద్దరూ ఒకే మాటలో ఇమిడేవారు. యుద్ధానికి ముందు తమ ఊళ్లో అన్ని మతాలవాళ్లూ ఆ మాటే చెప్పుకునేవారని ఆవిడ అంటుండేది.

ఆవిడకు క్యాన్సర్ వచ్చింది. పోయేముందు ఒక్కటే కోరింది, తమ ఇద్దరినీ పక్కపక్కనే, తమవాళ్ల మధ్య పెట్టాలని. సిటీలో హెర్జెగొవీనియన్ల సంఘం ఒకటుందని, శ్మశానంలో వాళ్లకు చోటుందని ఎవరో చెప్పారు. ఆవిడ పోయిన మర్నాడు ఆయన్ను కార్లో నేనే తీసుకెళ్లాను. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఉన్న ఆ పేరు చూసి ఆయన టోపీ తీశాడు. లోపల కాఫీ ఇచ్చారు. ఊరి పేరు చెప్పగానే అక్కడి పెద్దాయన ఒకరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత భార్య పేరడిగాడు. ఈయన చెప్పాడు.

పెద్దాయన చెయ్యి తీసేసి, నాకూ తెలియాలనేమో ఇంగ్లీషులోనే అన్నాడు. "మీకు చోటుంది. ఆవిడకు కష్టం. హెర్జెగొవీనియన్ అంటే ఇక్కడ మన చర్చివాళ్లని అర్థం."

"ఆవిడ పుట్టింది కూడా అక్కడే."

"ఆ మాట ఇప్పుడలా వాడటం లేదు" అన్నాడు పెద్దాయన. దురుసుగా అనలేదు, జాలిగానే అన్నాడు.

మసీదుకు ఫోన్ చేస్తే, ఆవిడకైతే సరేనన్నారు, ఆయనకు కుదరదన్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఆయనే అన్నాడు. "వాళ్లు అబద్ధం చెప్పలేదు డాక్టర్. ఆ మాట మారిపోయింది. నాకే ఎవరూ చెప్పలేదు."

చివరికి హైవే పక్కనున్న ఊరుమ్మడి శ్మశానంలో, ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య ఆవిణ్ణి పెట్టాం. ఆ తర్వాత ఒకరోజు మా ఇంటికొచ్చిన స్నేహితుడికి ఆయన్ను హెర్జెగొవీనియన్ అని పరిచయం చేయబోయాను. "బోస్నియా. అది చాలు" అని అడ్డుకున్నాడు. పెరట్లోకి రావడం తగ్గించాడు. మా ఆవిడ కాఫీకి పిలిస్తే, నిద్ర పట్టదని సాకు చెప్పేవాడు.

పోయినేడాది ఆయన్నీ ఆవిడ పక్కనే పెట్టాం. నేనూ, మా ఆవిడా, ఆయనతో పనిచేసిన ఒక డ్రైవరు, అంతే. ఆయన ఏ దేశంవాడని ఆ డ్రైవరు అడిగితే చెప్పి, ఎక్కడుందది అంటే ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాను. చూపించిన చోట ఊళ్లున్నాయి, నది ఉంది, పేరు కూడా ఉంది. ఆ ఇద్దరూ కలిసి ఇమిడిన పేరు మాత్రం ఒక కాలానిది; ఆ కాలం వాళ్లకంటే ముందే పోయింది.