అహోబిలం అడివిలో నేను ఇప్పేసిన గడ్డిముడులు

బుడ్డమ్మా, నా బిడ్డా... ‘మ్మా, అడివి కత చెప్పు’ అని పెద్దదానివైనా అడుగుతాంటివి కదా. నీకు ఎప్పుడూ సగమే చెప్తి. దుప్పుల కత, నీళ్ల కత. మిగిలిన సగం ఈడ రాస్తాండా... నువ్వు లేవు, చదివేవాళ్లన్నా ఉండారు.

మా చిన్నప్పుడు... కర్నూలు రాజధానిగా ఉన్న దినాలు. నాకు ఎనిమిదేండ్లు. ఎండాకాలం సెలవుల్లో మా నాయన నన్నూ, మా జేజినీ అహోబిలం పిల్చకపోయె. జేజి అంటే నాయనమ్మ. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సు. ఆడి నుంచి మా చుట్టాల ఎద్దుల బండి. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టుకొని... నెమళ్లు బండికి అడ్డం పడి ఉరికితే నేను కేకలు పెడతాంటి.

దిగువ అహోబిలంలో బండి ఆపేస్తిమి. పైకి అప్పుడు రోడ్డు లేదు, అడివి దోవే. దోవ చూపించనీకి ఈదన్న అని ఒక చెంచుల ఆయన వచ్చె. భుజాన విల్లు, ఒంటి మీద చిన్న గుడ్డ. మాట తక్కువ. నేను ‘తేనె దొరుకుతాదా’ అని అడిగితే నవ్వె... అంతే.

మాట తక్కువ అనేదే జేజికి అనుమానం.

"వాని చూపు చూడు రా, మన మూట మీదే ఉండాది."

"ఆయప్ప చూపు దోవ మీద ఉంది మ్మా... నీ చూపే ఆయప్ప మీద ఉంది" అని నాయన నవ్వె.

జేజి నవ్వలే. మెడలో బంగారు గుండ్లదండ తీసి కొంగున ముడేసుకొని, నడుముకు దోపుకునె.

మర్నాడు పొద్దున్నే నడిచినాం. కొండముచ్చులు కొమ్మల మీద నుంచి మమ్మల్నే చూస్తాండె. ఒక మలుపులో దుప్పుల మంద... నేను ఆడనే నిలబడి చూస్తి. కానీ నా కండ్లు మళ్లా ఈదన్న చేతుల మీదికే పోతాండె. ఎందుకంటే దోవ రెండుగా చీలిన కాడల్లా ఆయప్ప వంగి, బోదగడ్డి పరకలు నాలుగు కలిపి ముడేస్తాండాడు. ఏమీ చెప్పడు. ముడేసి ముందుకు పోతాడు.

జేజి నా చెవిలో, "దొంగలకు గురుతు పెడతాండాడు పాపా. మీ నాయన తిక్కోడు, చెప్తే వినడు. నువ్వు వెనక నడిచి ఇప్పేసి రా" అనె.

ఇప్పేస్తి. ఒకటి కాదు, ఐదు ముడులు. గడ్డి అంచు వేండ్లు కోస్తాండినా వదల్లే. మా ఇంటోళ్లను కాపాడుతాండా అనుకున్నా...

కొండ మీద నుంచి సన్నగా నీళ్లు దుమికే చోట కూసుంటిమి. నీళ్లు ఎంత సల్లగుండెనో! నాయన రొట్టె ఇస్తే ఈదన్న పక్కన పెట్టె. వచ్చిన దోవకెల్లే చూస్తాండె. ఎండ నెత్తి మీదికొచ్చె.

"చూస్తివా, ఎవురి కోసమో కాసుకొనుండాడు" అనె జేజి.

ఈ తూరి నాయనకూ అనుమానం వచ్చె. "ఎవురప్పా రావాల్సింది?" అని గట్టిగానే అడిగె.

"నా ఆడది అయ్యా. మీ పాప తేనె అడిగె కదా, తెమ్మని పంపిస్తి. సంకలో బిడ్డ ఉంది. వేరే గూడెం పిల్ల, ఈ తట్టు దోవ తెలీదు. ముడులు చూసుకొని రమ్మంటి. తప్పి ఆ పక్కకు పోతే నీళ్లుండవు. ఎలుగులుంటాయి."

రొట్టె కింద పెట్టేస్తి. జేజికెల్లి చూస్తి. వద్దని తల ఊపె. నోరు తెరవలే బుడ్డమ్మా... ఆ సంగతే నీకు చెప్పలేకపోతి.

ఈదన్న లేచి ఉరికె. ఎంత సేపు కూసుంటిమో నాకు తెలీదు. చెట్టు నీడ ఆ పక్క నుంచి ఈ పక్కకు జరిగె. ఆకు కదిలినా ఆయమ్మే అనుకుంటాంటి.

వచ్చిరి. ఆయమ్మ కాళ్లకు ముండ్లు దిగి రక్తం. బిడ్డ ఏడ్చనీకి గూడా శక్తి లేక నోరు తెరుస్తాంది, శబ్దం రాలేదు. ముందు దానికి నీళ్లు తాపిరి. అది ఒక గుక్క మింగి ఏడ్సినాక నాకు పానం వచ్చె.

ఈదన్న నా వేండ్లు చూసె. గడ్డి కోసిన గీతలన్నీ ఎర్రగా ఉండె. ఆయప్పకు తెలిసిపాయె.

ఆయమ్మ మోదుగాకులో తేనెపట్టు పెట్టి నా ముందు పెట్టె. నేను ముట్టుకోలే. జేజి అట్లే చూస్తాంది మరి. ఆయమ్మ ఒకసారి జేజిని, ఒకసారి నన్ను చూసి, ముందు తానే వేలితో తీసి నాకి... "ఏం కాదు, తిను పాపా" అనె.

తింటి. ఏడుస్తా తింటి. జేజి మాత్రం బండెక్కిందాకా నడుము మీద చెయ్యి తియ్యలే.

ఇప్పుడు పైదాకా బస్సులు పోతాయంట. మలుపు మలుపుకూ బోర్డులుండాయంట. దోవ చూపించమని ఎవురినీ అడగాల్సిన పని లేదు, ఎవురినీ నమ్మాల్సిన పనీ లేదు...

నువ్వు పోయినాక పక్కింటి పిల్ల దినామూ అన్నం తెస్తాంది. ఎందుకు తెస్తాందో, ఏం కావాల్నో అని తిప్పి పంపిస్తాంటి. నిన్న ఆ పిల్ల వాకిట్లో నిలబడి, "నేనూ తినల్యా అవ్వా, ఇద్దరం తిందాం రా" అనె. కూసోబెట్టుకొని తింటి.

మీరూ ఎవురినన్నా ఇట్ల తప్పుగా అనుకొనింటే కింద రాయండి. సిగ్గుపడాకండి, నేను రాసినా కదా. పొద్దుపోకుండా అన్నం తినండి... కడుపు నిండా తినండి.